చుక్క చూసి ముద్ద

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా పిల్లలు మూతి తిప్పుతారు. నీ చిన్నప్పుడు కూడా ఇంటర్నెట్ ఉందిగా అమ్మా, మరీ ముసలమ్మలా మాట్లాడకు అని మా పెద్దదాని వాదన. ఉంటే ఉండనివ్వండి. ముప్పై దాటి, ఇద్దరు పిల్లల్ని కని, అమెరికాలోని ఫ్రిస్కోలో రోజూ కార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే మనిషికి తన చిన్నతనం పాతకాలం కాక మరేమవుతుంది? అందుకని ఎవరు నవ్వినా సరే, ఇది మాత్రం చెప్పి తీరతాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమెరికాలోనే పార్సిప్పనీ అనే ఊళ్ళో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా నాయనమ్మ ఆర్నెల్లు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చింది. మనిషి చిన్నది, మాట పెద్దది. కార్తీక సోమవారం వచ్చిందంటే తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, చుక్క కనపడేదాకా పచ్చి మంచినీళ్ళైనా ముట్టేది కాదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడకి ఒక కన్ను ఎప్పుడో ఆపరేషన్‌లో పోయింది. రెండో కంట్లో శుక్లం ముదురుతోంది. మనుషుల్ని పోల్చుకునేది గానీ చుక్కలు ఆనేవి కావు. అందుకని సోమవారం సాయంత్రం కాగానే నన్ను వెంటబెట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి దిగేది. అంతెత్తు దీపస్తంభాల మధ్య నుంచి మెడ వెనక్కి వాల్చి నేను వెతకాలి. నేను "అదిగో, అక్కడ" అనగానే ఆవిడ అటు తిరిగి దణ్ణం పెట్టుకుని, పైకొచ్చి అన్నం తినేది. ఆ ఉద్యోగం నాకు భలే గర్వంగా ఉండేది. ఒక పెద్ద మనిషి భోజనం మొత్తం నా నోటిమాట మీద ఆధారపడి ఉందంటే మాటలా!

ఆ ఏడు నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవుల ముందర నాన్నని ఆఫీస్ పని మీద స్కాట్లాండ్‌కి పంపారు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని మా అందరికీ టికెట్లు బుక్ చేసి, పని అయ్యాక మూడు రోజులు ఒక ఏటి ఒడ్డు పల్లెలో గడుపుదామన్నాడు. అమెరికాలో కుడివైపు డ్రైవ్ చేసి అలవాటైన నాన్న అక్కడ ఎడమవైపు నడపలేక చెమటలు కక్కుతుంటే, నాయనమ్మ వెనక సీట్లోంచి "ఇదేరా అసలు రోడ్డు, మనూళ్ళోలాగా. మీ అమెరికావాళ్ళదే తిరకాసు" అని ఆనందించింది.

ఆ పల్లె అంతా కలిపి ఒకటే వీధి. రాతి ఇళ్ళు, రాతి వంతెన, చుట్టూ కొండలు. వంతెన కింద ఏరు రాళ్ళ మీద నుంచి ఉరుకుతూ పారేది. నీళ్ళు మురికిగా లేవు, కానీ కొండల మీది నల్లమట్టి ఊరి ముదురు గోధుమ రంగులో ఉండేవి. నాయనమ్మ కొంగు బిగించుకుని వంగి చూసి, "ఓరి వీళ్ళ దుంపతెగ, ఏటినిండా డికాక్షనే!" అంది. ఆ మాట ఆవిడ అన్నప్పటి నుంచి నాకు ఆ నీళ్ళు చూస్తే కాఫీ వాసన వచ్చేది.

మేం దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో. తెల్ల జుట్టు, ఎర్ర బుగ్గలు, కాళ్ళకి ఎప్పుడూ రబ్బరు బూట్లు. ఒక్కతే ఉంటూ రెండు గదులు వచ్చేపోయేవాళ్ళకి అద్దెకిచ్చేది. నాయనమ్మ ఆవిడని దొరసానమ్మ అనేది. ఆవిడ యాస నాన్నకి ముక్క అర్థమయ్యేది కాదు. నాయనమ్మతో మాత్రం ఆవిడ ఇంగ్లీషులోనూ నాయనమ్మ తెలుగులోనూ గంటలకొద్దీ కబుర్లు. అవసరమైన చోట నేను దుబాసీని.

మర్నాడు సోమవారం. మధ్యాహ్నం నాయనమ్మ, నేను వంతెన మీద నిలబడ్డాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీ నాన్నకి చెప్పకు అంటూ ఒక మాట చెప్పింది. ఇండియా వెళ్ళగానే రెండో కంటికి ఆపరేషన్. "అదీ మొదటిదాని దారే పడితే? నాకు భయంగా ఉందే" అంది. నాయనమ్మకి భయమనేది ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఇక్కడ లైట్లు లేవు. చీకటి చిక్కగా ఉంటుంది. ఇవాళ నువ్వు చూసి చెప్పడం కాదు. ఒక్క చుక్కనైనా నా కంటితో నేనే చూస్తా. చూశాకే తింటా."

నాలుగింటికల్లా పొద్దు వాలిపోయింది. అమ్మ తెగ సంబరపడింది, అత్తయ్య ఉపవాసం ఇంత తొందరగా తీరిపోతుందని. కానీ ఎక్కడి చుక్క? ఆకాశం నిండా మబ్బు. సన్నగా జల్లు. అయిదైంది, ఆరైంది, ఏడు కావస్తోంది. నేను అయిదు నిమిషాలకోసారి గుమ్మంలోకి పరిగెత్తి, జుట్టు తడుపుకుని లోపలికి రావడం. నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

మబ్బు పట్టినరోజు వేళ చూసుకుని తినెయ్యొచ్చని పంతులుగారే చెప్పారు కదమ్మా అని నాన్న బతిమాలాడు. ఆవిడ వినిపించుకోలేదు. అమ్మకి కంగారు, ఆవిడ ఎక్కడ కళ్ళు తిరిగి పడిపోతుందోనని. చివరికి నాన్న నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "తల్లీ, కనపడిందని చెప్పెయ్. ఆవిడకి ఎలాగూ ఆనదు కదా. నీ మాటంటే నమ్ముతుంది."

నమ్ముతుందనే నా భయం కూడా. నాన్న చెప్పింది ఆవిడ మంచికేనని తెలుసు. ఆకలితో ఉన్న నాయనమ్మని చూస్తే ఏడుపొస్తోంది. కానీ వంతెన మీద ఆవిడ పట్టుకున్న చెయ్యి ఇంకా పట్టుకున్నట్టే ఉంది. నాయనమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ తలెత్తి "కనపడిందా?" అంది. నాన్న నావైపే చూస్తున్నాడు.

"లేదు నాయనమ్మా. ఒక్కటి కూడా లేదు."

ఆవిడ నా తల నిమిరి, సరే, ఆగుదాం అంది. నాన్న నన్ను కోప్పడలేదు గానీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇదంతా దొరసానమ్మకి ఇంకోలా అర్థమైంది. పాపం, తన వంట నచ్చకే పెద్దావిడ ముట్టుకోవడం లేదనుకుంది. కూరగాయల సూప్ పెట్టింది. అది తీసేసి రొట్టె, వెన్న పెట్టింది. అదీ తీసేసి బంగాళాదుంపలు ఉడకబెట్టుకొచ్చింది. ఆవిడ మొహం చిన్నబోవడం చూసి నేను అసలు సంగతి చెప్పేశాను. చుక్కని చూసేదాకా మా నాయనమ్మ తినదు, అదీ తన కంటితోనే చూడాలి, ఆ కన్ను కూడా సరిగ్గా లేదు, ఆపరేషన్‌లో అదీ పోతుందేమోనని భయపడుతోంది అని. దాచమన్న మాట బయటపెట్టానని ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే అమ్మా నాన్నా కూడా వినేశారు. నాన్న వచ్చి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

దొరసానమ్మ గరిటె కింద పెట్టింది. తర్వాత తన కోసం వడ్డించుకున్న సూప్‌ని కూడా మళ్ళీ గిన్నెలో పోసి మూత పెట్టింది. అయితే నేనూ ఆగుతాను అంది. నేనది తెలుగులో చెప్పగానే నాయనమ్మ "అయ్యో, నీకెందుకమ్మా ఉపవాసం" అని ఎంత వారించినా వినలేదు. మొండితనంలో ఇద్దరూ ఒకటే.

ఎనిమిదింటి వేళ గాలి మళ్ళింది. జల్లు ఆగింది. దొరసానమ్మ తలుపు తీసి పైకి చూసి, గబగబా కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళింది. పక్కింటి తలుపు కొట్టింది. తర్వాత ఆ పక్కది. ఏం చెప్తోందో మాకు వినపడలేదు. ముందు ఆవిడ ఇంటి ముందు దీపం ఆరింది. తర్వాత పక్కింటి కిటికీ. తర్వాత దాని పక్కది. ఏటికి అవతలున్న హోటల్ బోర్డు దీపం కూడా ఆరిపోయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు, ఒక ముసలావిడ అన్నం తినాలని ఇళ్ళల్లో లైట్లన్నీ తీసేసి గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు. చంద్రుడు కూడా వాలిపోయినట్టున్నాడు. ఊరు ఊరంతా నల్లబడి, ఏటి చప్పుడొక్కటే మిగిలింది.

మేం వంతెన మీదికి నడిచాం. నాన్న ఒక పక్క, నేనొక పక్క నాయనమ్మని పట్టుకున్నాం. అప్పుడు మబ్బు విడిపోయింది.

దేవుడా! నేను అప్పటిదాకా ఆకాశమంటే పార్కింగ్ లాట్ మీద కనపడే బూడిదరంగు మూత అనుకున్నాను. అందులో ఒక చుక్కో, రెండు చుక్కలో. ఇక్కడ ఖాళీ అనేదే లేదు. కొండ అంచు నుంచి కొండ అంచుదాకా చుక్కలే. ఒక చేత్తో వంతెన గోడ పట్టుకున్నాను. ఇంత పెద్దది ఇన్నాళ్ళూ మా నెత్తి మీదే ఉందా, మాకెవరూ చెప్పలేదేంటి అనిపించింది. నాన్న కూడా మెడ వెనక్కి వాల్చి పైకే చూస్తున్నాడు.

అన్నిట్లోకీ పెద్ద చుక్క వైపు నాయనమ్మ గడ్డం పట్టుకుని తిప్పాను. ఆవిడ చూసింది. కన్ను చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసి, చాలాసేపు చూసింది.

"ఆనడంలేదే" అంది చివరికి. మామూలుగానే అంది.

నేను భోరుమన్నాను. ఆవిడ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, దగ్గరికి వంగి పరీక్షగా చూసింది. "పిచ్చిమొహమా, ఏడుపెందుకే? నీకు కనపడింది కదా. చెప్పు. ఎలా ఉందో చెప్పు. ఊరికే చుక్కలున్నాయంటే ఒప్పుకోను."

అప్పుడు చెప్పాను. నాకున్న తెలుగే అంతంతమాత్రం. వంటింట్లో విన్న మాటలే దిక్కు. స్కై అంతా రవ్వ ఒలికిపోయినట్టు ఉంది అన్నాను. సన్నరవ్వా, బొంబాయి రవ్వా అని అడిగింది. మళ్ళీ పైకి చూసి, రెండూ కలిసి ఉన్నాయని చెప్పాను. ఆ పెద్ద చుక్క గాలికి దీపం ఊగినట్టు ఊగుతోందన్నాను. ఏ రంగు అంది. పసుపు, మధ్యలో తెలుపు. నడిమధ్యలో పొడుగ్గా ఏదో ఉంది, ముగ్గు పెట్టేటప్పుడు చెయ్యి జారి పిండి పడిపోతుందే, అలాగ ఉంది అన్నాను. "అది పాలపుంతే తల్లీ!" అని ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. నా చిన్నప్పుడు మా డాబా మీద పడుకుని చూసేదాన్ని అంది. ఆవిడ అడగడం, నేను మళ్ళీ చూసి చెప్పడం. తెలియని చోట తెలియదన్నాను. గొంతు ఎండిపోయేదాకా చెప్పాను. అప్పుడు నాయనమ్మ రెండు చేతులూ జోడించి పైకి దణ్ణం పెట్టి, "చాలమ్మా, చూశాను. పదండి, దొరసానమ్మ ఆకలితో ఉంది" అంది.

ఒకటొకటిగా కిటికీల్లో దీపాలు వెలిగాయి. వేడి చేసిన సూప్ ముందు ఇద్దరు ముసలమ్మలూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటూ తిన్నారు. బంగాళాదుంపల్లో ఉప్పు చాల్లేదని నాయనమ్మ అంటే అది మాత్రం నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

ఇండియాలో ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి, చలికాలంలో ఒకనాడు నేను స్కూలుకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. కన్ను బాగుపడిందని అప్పటికే తెలుసు మాకు. గుంటూరులో అప్పటికే చీకటిపడింది, ఊరంతా కరెంటు పోయిందట. నాయనమ్మ డాబా ఎక్కింది. అమ్మని కాదని, నాన్నని కాదని, నన్నే పిలవమంది.

"చూశానే" అంది. "నా కంటితో నేనే చూశా. రవ్వ, దీపం, ముగ్గుపిండి, అన్నీ అలాగే ఉన్నాయి. నువ్వు చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం లేదే."

ఆ మాట తర్వాత జీవితంలో నేను చాలా మెప్పులు అందుకున్నాను, డిగ్రీలు, ప్రమోషన్లు. ఏదీ దాని కాలిగోటికి చాలదు. ఇప్పుడు కూడా ఎవరైనా ఎలా ఉంది అని నన్నడిగితే టక్కున జవాబు రాదు. అది నత్తనడక అని మా ఆయన ఎద్దేవా చేస్తాడు. నత్తనడక కాదు. మళ్ళీ ఒకసారి తలెత్తి చూసుకుంటాను, అంతే. అవతలి మనిషి నా కళ్ళతో చూస్తున్నాడేమో, ఎవరికి తెలుసు?