గది గదికీ అదే ఖాళీ

“ఈ పొద్దు గంజి పోసేకి రావాకులే తమ్ముడా” అంది అక్క ఫోనులో. అప్పటికే నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. మా బావ పోయాడని చెప్పడానికి ఆమె ఇంకో మాట వాడలేదు. నేను బస్సు దిగలేదు.

బావ పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. నేను పదో తరగతి దాటనివాడిని. నా చదువంతా దేవుని వాక్యమే. నేను కేకలేసి బోధిస్తాను, బావ మాట పక్క కుర్చీకి కూడా వినపడదు. “ఏమప్పా ప్రసంగీకుడా, దేవునికి చెవుడా?” అనేవాడు.

నేను వాక్యం చెప్పే ఆళ్లగడ్డ ప్రార్థన మందిరానికి ఎవరో పాత లైట్ల బోర్డు ఇచ్చారు. కంప్యూటర్లో కొట్టిన వాక్యం దాని మీద ఎర్రగా వెలగాలి. రెంటి మధ్య మాట మోసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారట. అది లేదు. బావ రాయడానికి కూర్చున్నాడు. కొత్త వాక్యం రాకముందు, పాతది చెరిగేలా, బోర్డు మెమరీలోని ప్రతి గదిలోనూ ఒకే ఖాళీని రాయాలి. వారాలు గడిచినా పాత అక్షరాలు మూలల్లో మిగిలేవి.

సభల మొదటి రోజు ‘కృప’ పక్కన అంతకుముందటి ‘శాపము’ సగం వేలాడింది. నాకు ఒళ్లు మండింది. మైకులోనే అరిచాను: “బైబిల్లో కుష్ఠు పట్టిన సేనాధిపతికి బాగయ్యేకి యొర్దాను నదిలో ఏడు మునకలు చాలినాయి. మా బావ ఏడు వారాలు ముంచినా ఈ బోర్డు కుష్ఠు పోలేదు!”

మందిరం గొల్లుమంది. అక్క తల వంచుకుంది. బావ బోర్డునే చూస్తున్నాడు.

మర్నాడు ఆయనే పిలిచి చూపించాడు. “కంప్యూటర్ బేగ బేగ గుమ్మరిస్తాందప్పా. బోర్డు ముసలిది, అంత మింగలేదు. ఒగొక ఖాళీ పంపాల. అందిందని అది చెప్పినాకనే ఇంగొకటి.”

“అదే ఖాళీని అన్నిసార్లా?”

“అన్ని గదులకూ అదే. ఒగటి ఇడిస్తే పాత మాట ఆడనే కూర్చుంటాది.”

ఆనాటి నుంచి వాక్యం మారేటప్పుడల్లా బోర్డు ఎడమ వైపు నుంచి ఒక్కో గీతగా, నిదానంగా ఆరేది. నేనన్న మాటను మాత్రం ఎవరూ చెరపలేదు.

ఈ ఏడాది బావకు పక్షవాతం వచ్చింది. మింగడం కష్టమైంది. మధ్యాహ్నాలు నేనే గంజి పోసేవాడిని. మొదటి రోజు తొందరలో పోస్తే పొలమారింది. దగ్గు తగ్గాక, వంకర పోయిన నోటితో “బోర్డు మాదిరప్పా...” అన్నాడు. అప్పటి నుంచి ఒక చెంచా, గుటక పడేదాకా ఆగడం, ఇంకో చెంచా. ఆ ఆగడంలోనే ఒక రోజు అన్నాను: “ఆ పొద్దు మైకులో అన్నదానికి మన్నించు బావా.” తల ఊపాడు. మర్నాడు మళ్లీ అడిగాను. మూడో రోజూ అడిగాను.

“ఏందప్పా, ఒగొక గదికీ పంపుతాండావా?” అని నవ్వాడు. తర్వాత చెంచా పక్కకు నెట్టాడు. “నాకు అందిందిలే. ఆ పొద్దు నవ్వినోళ్లు మందిరంలో ఉండారు. మీ అక్క ఉండాది.”

ఆదివారం అందరి ముందూ అదే మైకులో మన్నింపు అడుగుతానని మాటిచ్చాను. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయాయో అడగకండి. పాపం మీద గంటసేపు గర్జించే నోరు ఆ ఒక్క మాటకు తెరుచుకోలేదు.

బావ భూస్థాపన ఆరాధన అదే మందిరంలో, అదే మైకు ముందు. ముందు వరసలో అక్క, ఆమె పక్కన బావ ఉన్న పెట్టె. గోడ మీది బోర్డులో పోయిన ఆదివారపు వాక్యం వెలుగుతోంది. ఎవరో మార్చడానికి మీట నొక్కారు. ఒక్కో గీతా ఆరుతూ వచ్చింది. జనం నా వైపు చూస్తున్నారు. కుడి మూల చివరి ఎర్ర చుక్క ఆరేదాకా ఆగాను.

“అక్కా” అన్నాను, మైకులో.