తీగల మీది చెయ్యి

రేణిగుంట ప్రేమానందం చొక్కా జేబులో, పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉంటుంది. రేడియోలు బాగుచేసే అంగడి అతనిది. కాస్త తీరిక దొరికితే చాలు, తన ఎలక్ట్రిక్ గిటారు విప్పుతాడు. ఒక వైరు మారుస్తాడు, పాత రేడియోలోంచి ఊడదీసిన కండెన్సరు అతికిస్తాడు, తీగ మీటి చెవి ఒగ్గుతాడు, మొహం చిట్లించి మళ్ళీ విప్పుతాడు. తీగల మీంచి చెయ్యి తీస్తే చాలు, ఆ గిటారు గుయ్యిమని మోత పెడుతుంది. చర్చిలో పాటలకు గిటారు వాయించేది అతనే. అందుకే ప్రార్థనప్పుడు అందరూ చేతులు జోడిస్తే, అతని అరచెయ్యి మాత్రం తీగల మీదే ఉంటుంది. "దేవుని ముందరన్నా రెండు చేతులూ జోడించకూడదా?" అని భార్య గ్రేసమ్మ బాధ.

మొన్న రైల్వే ప్లాట్‌ఫారం మీద ఖాళీ సిగరెట్టు పెట్టెలు ఏరుతూ సంఘపెద్ద శాంతయ్య కంట పడ్డాడు. "ఈ పాడలవాటు యాడ పట్టిందబ్బా నీకు?" అని ఆయన నిలదీశాడు. "కాల్చేదానికి కాదన్నా. లోపలుండే వెండికాగితం గిటారు కడుపులో అతికించి వైరు కలిపితే మోత చస్తాది" అన్నాడు ప్రేమానందం. శాంతయ్య నమ్మలేదు.

ఆదివారం ప్రార్థన మొదలైంది. ప్రేమానందం తీగల మీంచి మెల్లగా చెయ్యెత్తాడు. మోత లేదు. రెండు చేతులూ జోడించాడు. శాంతయ్య ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. గ్రేసమ్మకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు మొగుడు దేవుణ్ణి ఏం అడుగుతున్నాడో విందామని పక్కనే ఉన్న అతని వైపు ఒరిగింది. జోడించిన వేళ్ళు కుదురుగా లేవు.

"ప్రభువా," అంటున్నాడు ప్రేమానందం, "మోత పోయింది గానీ, సన్నతీగ కొంచెం మందంగా పలకతా ఉండాది."