గోడ వెంబడి తుమ్మిపూలు

నా చిన్నప్పుడు చదువుకున్న పుంగనూరు బడి నుంచి మొన్న పిల్లలు వచ్చి పిలిచారు. ఆవరణలో ఉన్న చెట్లూ పురుగులూ పిట్టలూ అన్నీ వెతికి రాసుకున్నారట, దానికో పండగ చేస్తున్నారట, పాత విద్యార్థినిగా నేను రావాలట. “మీరొస్తాండారని ఆవరణంతా నున్నగా చెక్కిస్తామమ్మా” అంది వాళ్లలో చురుకైన పిల్ల. ఒక్క గడ్డిపోచ ముట్టుకున్నా నేను రానన్నాను. ఈ ముసలావిడకు ఇంత కోపమేమిటా అనుకునే ఉంటారు.

ఆరో తరగతిలో మా సైన్సు అయ్యవారికీ ఇదే ఆలోచన వచ్చింది. ఆవరణను తలా కొంచెం పంచి, ఎవరి జాగాలో ఏమేం బతుకుతున్నాయో రాసుకొచ్చి శనివారం అందరి ముందూ చదవమన్నారు. ముందు బెంచీల వాళ్లకు వేపచెట్టూ బావిగట్టూ దక్కాయి. నాకు మిగిలింది వెనకగోడ వెంబడి పిచ్చిగడ్డి. ఆ యేడే బైరెడ్డిపల్లె నుంచి వచ్చి చేరినదాన్ని, నాతో ఎవరూ మాట కలిపేవారు కాదు. శనివారం బాగా చదివితే నన్నూ తమలో కలుపుకుంటారని ఎంత ఆశపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ నాకే జాలేస్తుంది.

మా ఇళ్లలో ఏ పండగైనా వాకిలి చెక్కి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టడంతోనే మొదలవుతుంది. నేనూ అంతే చేశాను. శుక్రవారం పొద్దున్నే పార తీసుకెళ్లి గడ్డంతా చెక్కి గోడ అవతలికి విసిరేశాను. చుక్కల ముగ్గు పెట్టి, చేతులు కడుక్కుని, నోటుపుస్తకం తెరిచి కూర్చున్నాను. రాయడానికి నా జాగాలో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. అప్పుడు గానీ నా తెలివి నాకు తెలిసిరాలేదు.

“యాలమ్మా, అట్ల ఏడుస్తాండావు?”

గోడ మీంచి తొంగిచూసింది వెనక ఇంటావిడ, అందరూ పెద్దమ్మ అనేవారు. ఆమెకు మా వైపు పొట్టి ఆవు ఒకటుండేది. నేను విసిరేసిన గడ్డిని ఆ ఆవు కోసమే ఏరి మోపు కట్టుకుంది. వెక్కుతూ జరిగింది చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “ఇంకా ఆవుకు ఎయ్యలేదులే, రా” అంది.

అరుగు మీద మోపు విప్పింది. ఆమె ఏ గడ్డినీ ఊరికే ఆవు ముందు పడేసేది కాదు, ఆకు ఆకూ చూసి వేసేది. “ఇది గరిక, ఆవుకు ఇదంటే పానం. ఈ గలిజేరాకు మనకు పప్పులోకి. ఇది వయ్యారిభామ, దూరంగా పెట్టు, తిన్యాదంటే పాలు చేదెక్కుతాయి.” పల్లేరు, ఉత్తరేణి, నేల ఉసిరి, తెల్లపూల తుమ్మి. పిచ్చిగడ్డి అని నేను ఈసడించిన దాంట్లో పన్నెండు పేర్లు దొరికాయి. చివరికి మోపు అడుగు నుంచి ఒక ఆకుపచ్చ మిడత నా మోకాలి మీదికి దూకి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. నాకు సిగ్గేసింది.

లేవబోతుంటే పెద్దమ్మ ఆపింది. విత్తు పట్టిన మొక్కలను ఒక్కొక్కటిగా చేటలో దులిపి ఆ విత్తులు నా చేతికిచ్చింది. “తీసకపోయి ఆడే సల్లు. పేర్లు రాసుకున్యంత మాత్రాన అయిపోతాదా?”

విత్తులు గోడ వెంబడి చల్లి, శనివారం ఆ పన్నెండూ చదివాను. అంతటితో కూర్చోవచ్చు, ఎవరూ వెళ్లి చూడరు. కానీ ఆ మిడత గుర్తొచ్చింది. “ఇవి మొన్నటి దాకా ఉండె సార్. నేనే సెక్కేసినాను” అన్నాను. తరగతంతా గొల్లుమంది. అయ్యవారు మాత్రం నవ్వలేదు. “వాన పడినాక మళ్లా సూసి సదువు” అన్నారు.

వాన పడింది. ముందు బెంచీ పిల్లలిద్దరు, ఏడిపించడానికే అనుకుంటాను, నా వెంట వచ్చారు. గోరంత ఆకులు కనిపించగానే నాకంటే ముందు వాళ్లే మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి ముగ్గురం కలిసే అన్నం తినేవాళ్లం.

నేటికీ కలుపు పీకితే వేళ్ల మట్టితో పాటు విత్తులూ దులపనిదే నా చెయ్యి ఊరుకోదు. మా ఇంటాయన మాత్రం, కలుపు తీస్తున్నావా నాటుతున్నావా అని ఆటపట్టిస్తాడు.

పండగనాడు వెనకగోడ దగ్గరికి వెళ్లాను. తుమ్మి పూసి ఉంది. ఆ చురుకైన పిల్ల తన కాగితం తీసి, ఎవరు నాటారో రాయడానికి ఒక గడి ఉందని, నాకేమైనా తెలుసా అని అడిగింది. పేరు చెప్పబోయాను. అన్ని పేర్లు నేర్పిన మనిషిని నీ పేరేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు.

“గోడ అవతలి పెద్దమ్మ అని రాయమ్మా” అన్నాను.