బాబాయి కాలూ, సంఘం మైకూ

మా బాబాయి విరిగిన కాలికి ఇవ్వవలసిన డబ్బుతో మా కూలీల సంఘం కార్యదర్శి మైకు సెట్టు కొని, అద్దెకు తిప్పుకున్నాడు. ముందు ఆ మాట చెప్పేస్తే తక్కినది నిదానంగా చెప్పుకోవచ్చు. మొన్న ఎవరో ఆటోకు మైకు కట్టుకుని మా వీధిలో ఉల్లిపాయలు అమ్ముతుంటే, "మైకు ఇనపడితే చాలు నీకంత కోపమేంది తాతయ్యా?" అంది మనవరాలు. అరవై ఏళ్లు దాటిన కోపం, ఉల్లిపాయలవాడు వీధి మళ్లినంత మాత్రాన పోతుందా?

అప్పట్లో మేమంతా మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో పనిచేసేవాళ్లం. దెబ్బ తగిలి మంచాన పడ్డవాడి ఇల్లు గడవాలని నెలనెలా కూలిలో కొంత సంఘానికి కట్టేవాళ్లం. బాబాయి కాలి మీద రాతిపలక పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఇక క్వారీ పనికి పనికిరాడు కనుక, ఆ డబ్బు వస్తే బస్సులు ఆగేచోట సోడా బడ్డీ పెట్టుకుందామని ఆయన ఆశ. కార్యదర్శి నాకు వరసకు మామయ్య. అడుగుదామని వెళితే సంఘం డబ్బుపెట్టె ఖాళీగా ఉంది, అరుగు మీద మైకు సెట్టు ఉంది. "ఏంది అల్లుడూ, సంఘానికి గొంతుండొద్దా?" అన్నాడు. ఆ గొంతు గురజాల దాకా పెళ్లిళ్లకు వెళ్లేది, అద్దె మామయ్య జేబులోకి వెళ్లేది. సంఘంవాళ్ల ఇళ్లలో శుభకార్యాలకు మాత్రం ఉచితం. అందుకే ఒక్కడూ నోరెత్తలేదు. క్రిస్మస్‌కు మా గుడిలోనూ అదే మోగింది. గోడకు ఆనుకుని కూర్చున్న బాబాయి నా చెవిలో, "ఒరేయ్, నా కాలు పాడతా ఉందిరా, ఇన్నావా? చానా బాగా పాడతంది" అన్నాడు. పక్కనున్న పిన్ని నవ్వలేదు.

బడిలో నేను నేర్చినవి అక్షరాలే. తక్కిన చదువంతా అర్జీలు రాసి రాసి వచ్చింది. ఆ అర్జీల ధాటికి చివరకు గుంటూరు నుంచి లేబరు ఆఫీసరు విచారణకు వచ్చారు. మామయ్య ఆయనకు దండ వేసి, ముందు ఆ మైకే పెట్టాడు. తన గొంతు అంత పెద్దగా వినపడటం ఆఫీసరుగారికి నచ్చినట్టుంది. సంఘం సొమ్ము ఎంత పవిత్రమైనదో భోజనాల వేళ దాటేదాకా చెప్పి, "ఫిర్యాదు ఉన్నవాళ్లు మైకు దగ్గరకొచ్చి చెప్పండి" అన్నారు. వెళ్లాను. "అయ్యా, మా బాబాయి కాలి డబ్బు కోసం తమరు ఎక్కడా ఎతకొద్దు. ఇందాకటి నించి దాంట్లోనే మాట్లాడతన్నారు" అన్నాను. ఆ మాట బాకాలోంచి క్వారీ దాకా వెళ్లి తిరిగొచ్చింది. మామయ్య ముఖం పాలిపోయింది. అయినా అలవాటు చొప్పున, "అల్లుడూ, కాస్త ఎడంగా నిలబడు, మైకు కూత పెడతది" అన్నాడు.

ఆఫీసరు లెక్కలు అడిగారు. లేవు. మైకు సెట్టుకు అక్కడే సీలు వేయించి జీపులో తీసుకుపోయారు. కేసు నడిచింది, మామయ్యకు జైలు పడింది. సర్కారు తన పని తాను చేసింది, కాదనను. మరి బాబాయి బడ్డీ మాటేమిటి? సెట్టు అమ్మి ఆ డబ్బు ఆయనకు ఇప్పించమని అర్జీ మీద అర్జీ పెట్టాను. ఈలోగా ఆయన గడప దగ్గర కూర్చుని కూలికి వేరుశనక్కాయలు వలిచేవాడు. కాలం మా ఇంట్లో పూట లెక్కన గడిచేది, ఆఫీసుల్లో ఫైళ్ల లెక్కన గడిచేది. ఎట్టకేలకు జవాబు వచ్చింది. బాబాయి చదవమంటే గడపలో నిలబడి చదివాను:

"మీ అర్జీ పరిశీలించడమైనది. సదరు మైకు సెట్టు సంఘం ఆస్తి అని రుజువైనందున, దానిని అమ్మి సొమ్ము చెల్లించుటకు అభ్యంతరము లేదు. అయితే అర్జీపై సంఘ కార్యదర్శి సంతకము లేదు. వారు ప్రస్తుతము జైలులో ఉన్నందున, విడుదలైన పిమ్మట వారి ద్వారా పంపుకొనవలెను."