నెక్కొండ పలకలేదు

మొన్న హనుమకొండ చౌరస్తాలో ఒక బట్టల కొట్టు ముందు ఊరికే నిలబడ్డాను. లోపల ఒక అబ్బాయి ఖాకీ తాను విప్పి బల్ల మీద దబ్బున పరిచాడు. కొత్త ఖాకీకి ఒక వాసన ఉంటుంది, గంజీ గోనెసంచీ కలిసినట్టు. అది ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ముందుకు సాగి ఎవరిదో చొక్కా కొస కోసం వెతికింది. ముందెవరూ లేరు. కొట్టతను "ఏం కావాలమ్మా" అన్నాడు. చీరల వైపు చూస్తున్నట్టు నటించి బయటికి వచ్చేశాను.

డెబ్బైల చివర వరంగల్‌లో మా బడికి ఒక స్కౌటు దళం ఉండేది. దళం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. బడి ఖాకీ చొక్కానే స్కౌటు చొక్కా, ఆడపిల్లలకు గౌను మారదు, అందరికీ మెడలో పసుపుపచ్చ స్కార్ఫు ఒకటే కొత్తది, అదైనా సారు ఒక పాత దుప్పటి అద్దకం వేయించి చింపి పంచిందే. లెక్కల సారే స్కౌటు సారు. లెక్కల గంటలో ఆయన బెత్తం అంటే మాకు ఎంత హడలో, ఆదివారం పొద్దున అదే మనిషి మెడలో సీటీ వేసుకుని మైదానంలో గంతులేస్తుంటే అంత ముద్దు. బడి స్టేషను వెనక వీధిలో ఉండటం వల్ల మాకు రైలు తప్ప వేరే లోకం తెలియదు. బొగ్గింజను పొగకు ఆరేసిన పావడాల మీద నల్లటి నుసి పడేది, గూడ్సు బండి కూతకు పాఠం ఆగేది, ఎండాకాలం పట్టాల మీంచి వచ్చే వేడిగాలికి నూనె, తుప్పు, మూత్రం కలిసిన వాసన వేసేది. కాబట్టి మా దళం ఆటలు, కేకలు, హాస్యాలు అన్నీ రైలువే.

రైలు చప్పట్లని ఒకటి ఉండేది. ముందు రెండు వేళ్లతో అరచేతి మీద టప్, టప్ అని, బండి స్టేషను వదులుతున్నట్టు నెమ్మదిగా, తర్వాత నాలుగు వేళ్లతో, తర్వాత నిండు చేతులతో, అరచేతులు ఎర్రబడేదాకా వేగం పెంచుకుంటూ పోయి, చివర రెండు చేతులూ రుద్దుతూ ఉస్స్ అని ఆవిరి వదలాలి. రైలు నాటిక కూడా ఒకటి ఉండేది, అందులో టీసీ వేషం బిక్షపతిది. ఏడో తరగతి పొడుగు పిల్లవాడు, వరసగా బండి కట్టినప్పుడు ముందు నడిచే ఇంజను కూడా వాడే. "టికెట్ ఏది?" అని వాడు గద్దిస్తే ఒకడు "మా మేక తిన్నది సార్" అనేవాడు. "అయితే మేక కూసుంటది, నువ్వు దిగు" అనేవాడు బిక్షపతి. ఎన్నిసార్లు విన్నా పడిపడి నవ్వేవాళ్లం.

అన్నిటికంటే పేరున్నది స్టేషన్ల కేక. ఒకరి చొక్కా కొస ఒకరు పట్టుకుని బండిలా నడుస్తూ ఉంటే, వెనక నుంచి సారు స్టేషన్ల పేర్లు పిలిచేవారు. ఏ స్టేషను పిల్ల ఆ పేరుకు "లైన్ క్లియర్" అని అరవాలి. కాజీపేట, వరంగల్, చింతలపల్లి, ఎలుగూరు, నెక్కొండ, ఇంటికన్నె, కేసముద్రం, మానుకోట. నేను ఇంటికన్నెను. ఆ పేరు నాకు ఇచ్చినందుకు మగపిల్లలు ఎంత ఏడిపించారో చెప్పలేను. నా ముందు నెక్కొండ, అంటే మొగిలి. రెండో తరగతి, దళంలో అందరికంటే చిన్నవాడు. వాడి పనల్లా పలకకపోవడం. నెక్కొండ స్టేషను మాస్టరు నిద్రపోతున్నాడన్నమాట. సారు "నెక్కొండ" అంటారు, పలకడు. మేమంతా నవ్వుతాం. మళ్లీ పిలుస్తారు, పలకడు, ఇంకా నవ్వుతాం. మూడోసారికి నేను చాయ్ అమ్మేవాడిలా గొంతు సాగదీసి "చాయ్ గరం" అనాలి. అప్పుడు వాడు ఉలిక్కిపడి లేచి "లైన్ కిలేర్" అనేవాడు. వాడికి క్లియర్ అని నోరు తిరిగేది కాదు. అదొక నవ్వు.

మొగిలి అమ్మానాన్నలు మరమగ్గాల పనికి భీవండి పోయారు. కొత్తవాడలో నాయనమ్మ దగ్గర ఉండేవాడు. హోలీ నాటికి కొమ్మాల జాతరలో మంచినీళ్లు పోయడానికి మా దళం పోతుందని తెలిసి, ఆ నాయనమ్మ పొద్దున్నే బడికి వచ్చి, పిల్లవాడి చెయ్యి తీసి సారు చేతిలో పెట్టింది. "సారూ, నాకు వీడొక్కడే. మా కొడుక్కు నేను జవాబు చెప్పాలె. ఎట్ల అప్పజెప్తాన్నో మల్ల అట్లనే నాకు అప్పజెప్పున్రి" అంది. సారు నవ్వి "ఫికర్ చెయ్యకు అవ్వా, బండి విడిచి డబ్బా ఎటు పోతది" అన్నారు.

జాతర సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. ప్రభలు కట్టిన ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి, డప్పులు, మోదుగుపూల రంగు పడిన తెల్లచొక్కాలు, పిల్లల మెడల్లో దండలుగా ఎండుకొబ్బరి కుడుకల పేర్లు, చక్కెర పేర్లు, బెల్లం మీద ఈగలు, సలసలా కాగే నూనెలో మిర్చి, నేల కనబడనంత జనం, మనిషి మొహం కనబడనంత దుమ్ము. మధ్యాహ్నం దాకా నీళ్లు పోశాం. చేతులు నానిపోయి తెల్లబడ్డాయి. మేం వచ్చిన లారీ దగ్గరికి తిరిగి పోవడానికి సారు మమ్మల్ని బండి కట్టమన్నారు. చొక్కా కొసలు పట్టుకుని నడుస్తున్నాం. అంతలో పక్క నుంచి ఒక ప్రభబండి ఎడ్లు డప్పులకు బెదిరి మా మీదికి తిరిగాయి. జనం ఒక్కసారి తోసుకొచ్చారు. సారు సీటీ ఊదారు. చెల్లాచెదరై, మళ్లీ దుమ్ములోనే ఎవరికి దొరికిన ఖాకీ కొస వాళ్లం పట్టుకుని బండి కట్టేశాం.

సారు కేక అందుకున్నారు. కాజీపేట, క్లియర్. వరంగల్, క్లియర్. చింతలపల్లి, ఎలుగూరు, క్లియర్. నెక్కొండ. పలకలేదు. మేం నవ్వాం. చుట్టూ ఉన్న జాతరవాళ్లు కూడా ఈ పిల్లల బండేమిటని ఆగి చూస్తున్నారు. నెక్కొండ. పలకలేదు. ఇంకా గట్టిగా నవ్వాం, వాళ్లూ నవ్వారు. మూడోసారి పిలుపు అయ్యాక నేను చాయ్ గరం అనడానికి నోరు తెరిచి ముందుకు చూశాను. నా ముందున్న మెడ మొగిలిది కాదు. మొగిలి నా భుజానికి వస్తాడు. ఈ మెడ నా మొహానికి ఎదురుగా ఉంది. అది ఎలుగూరు.

చాయ్ గరం మానేసి వెనక్కి తిరిగాను. నా వెనక కేసముద్రం ఇంకా నవ్వుతూనే ఉంది. "సార్, నెక్కొండ లేదు" అని ఎలాగో అన్నాను. సారు అది కూడా ఆటే అనుకుని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఆయన మొహం అలా అవడం నేను అంతకుముందు చూడలేదు. బెత్తం పట్టుకున్నప్పుడు ఎర్రబడే మొహం సున్నం కొట్టినట్టయింది. నాకైతే ఆ ఎడ్ల గిట్టలే కళ్లముందు ఆడాయి.

మమ్మల్ని ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, కదిలితే కాళ్లు విరగ్గొడతానని బిక్షపతిని కాపలా పెట్టి, సారు మైకు దగ్గరికి పరుగెత్తారు. మైకులో "మొగిలి అనే బాలుడు ఎక్కడున్నా రావలెను" అని వినిపించింది. మా వరంగల్ దిక్కు మొగిలి అని పిలిస్తే సగం ఊరు తిరిగి చూస్తుంది. కాసేపటికి మైకు దగ్గర బోలెడంతమంది మొగిళ్లు పోగయ్యారు, మీసాల మొగిలి, చంకలో బిడ్డ ఉన్న మొగిలి, తప్పతాగిన మొగిలి ఒకడు. మన మొగిలి లేడు. సారు తిరిగి వచ్చి చెట్టుకు ఆనుకున్నారు. "ఆ ముసలమ్మకు ఏం చెప్పాలె" అన్నారు, మాతో కాదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

మళ్లీ బండి కట్టి, పేర్లు పిలుచుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచాం. నెక్కొండా, నెక్కొండా అని అందరం గొంతులు చించుకున్నాం. అప్పుడు తట్టింది నాకు. ఆ పేరుకు పలకొద్దనే కదా వాడికి మేం నేర్పింది. లైనులోంచి బయటికి వచ్చి, ఏడుపు గొంతుతోనే "చాయ్ గరం" అని అరిచాను. అందరూ నావైపు చూశారు. బిక్షపతికి అర్థమైంది, వాడూ అందుకున్నాడు, తర్వాత అందరూ. కేటిల్ పట్టుకున్న ఒకాయన ఎదురొచ్చి "మా బేరం చెడగొడ్తాన్రా ఏంది" అని గదమాయించాడు. సారు ఆయనకు చేతులు జోడించి ఆగమన్నారు. ఆగితే, ఎడ్లను విప్పి నిలిపిన బండ్ల దిక్కు నుంచి, చాలా సన్నగా, "లైన్ కిలేర్" అని వినిపించింది.

ఒక ప్రభబండి కింద, రెండు చక్రాల మధ్య ముడుచుకుని ఉన్నాడు. పక్కనే కట్టేసిన ఎద్దు, దాని కొమ్ముల భయానికి బయటికి రాలేదు. సారు మోకాళ్ల మీద పాకుతూ పోయి వాణ్ని లాక్కొచ్చి, దుమ్ములోనే కూలబడి గుండెకు అదుముకున్నారు. నేను పట్టలేక వాడి వీపు మీద ఒక్కటి వేశాను. "మొదలు పిలిచినప్పుడే ఎందుకు పలుకలేవురా?" అన్నాను. వాడు బిత్తరపోయి చూసి, "మీరు నవ్వుతాన్రు గదక్కా. ఆట నడుస్తాంది అనుకున్న" అన్నాడు.

సాయంత్రం సారు వాణ్ని కొత్తవాడకు తీసుకుపోయి నాయనమ్మకు అప్పజెప్పి, జరిగింది దాచకుండా చెప్పారట. ఆమె పిల్లవాణ్ని తల నుంచి పాదాల దాకా తడిమి, సారుకు మంచినీళ్లు ఇచ్చిందట. మరుసటి ఆదివారం నుంచి నెక్కొండ కూడా పలికేది. వాడు చక్కగా పలికేవాడు, మేం తర్వాతి స్టేషనుకు పోయేవాళ్లం. ఆ చోట నవ్వు మాత్రం మళ్లీ పుట్టలేదు, సారు ఎన్ని కొత్త హాస్యాలు అతికించినా.

ఆ మైదానంలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. బొగ్గింజన్లు పోయి, నుసీ పోయింది, సారూ పోయారు. నేను ఎక్కే ఎక్స్‌ప్రెస్సులు ఎలుగూరు, నెక్కొండ, ఇంటికన్నె మీంచి పేర్లు చదవనివ్వకుండా దూసుకుపోతాయి. ఇంట్లో పిల్లలు దాగుడుమూతలాడుతూ దాక్కుంటే, పిలిచినా పలకకపోతే, అందరూ నవ్వుతారు, నేను నవ్వలేను, లేచి వెతుకుతాను. చాదస్తం అంటారు, అననీ.

మొగిలి కొత్తవాడలోనే ఉన్నాడు, జంపఖానాలు నేస్తాడు. మనవలున్నారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. మొదటి రింగు పూర్తికాకముందే ఎత్తుతాడు. హలో అనడు, ఎవరని అడగడు.

"ఉన్న" అంటాడు.