సంబంధాల భాస్కరం గారి బ్యాటరీ

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో క్లినికల్ సైకాలజిస్టుగా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. పార్కిన్సన్ రోగుల మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీతో కరెంటు పంపుతారు. దాన్ని డీబీఎస్ అంటాం. వణుకు తగ్గించడం డాక్టర్ల వంతు. ఆపరేషన్‌కు ముందూ తరవాతా జ్ఞాపకం, ఆలోచన, మాట పరీక్షించడం నా వంతు.

ఉప్పలగుప్తం భాస్కరం గారు పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి. ఆపరేషన్ తరవాత చెయ్యి నిలకడగా నిలబడింది. మా డాక్టరు గారు ఆయన చేత కాఫీ తాగించి వీడియో కూడా తీయించుకున్నారు. నా పరీక్షలో మాత్రం నిమిషంలో చెప్పగలిగే జంతువుల పేర్లు కాస్త తగ్గాయి. జ్ఞాపకం భేషుగ్గా ఉంది, మాట వెతుక్కోవడమే ఆలస్యం. డీబీఎస్‌లో ఇది తెలిసిన సంగతే కనుక, "స్వల్పం" అని రాసి సంతకం పెట్టాను.

కొన్నాళ్లకు భార్య సత్యవతి గారిని వెంటబెట్టుకుని వచ్చారు.

"స్వల్పం అన్నారు కదండీ. మా మేనకోడలి సంబంధం తప్పిపోయేలా ఉందండీ," అన్నారావిడ.

కొత్తపేటలో మగపెళ్లివారు, పిల్ల నెమ్మదస్తురాలేనా అని అడిగేరట. ఈయన ఆగి, మాట కోసం వెతుక్కుని, చివరికి అవునన్నట్టు "ఆయ్" అన్నారట. ఆ ఆగడంలోనే వాళ్లకు కావలసినంత వినబడింది.

డాక్టరు గారు కరెంటు తగ్గించారు. మాట చురుకైంది, వణుకూ తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లి పిల్ల గుణగణాలు గడగడా చెబుతుంటే చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడిందట. అబద్ధమాడుతూ భయపడుతున్నాడనుకున్నారు వాళ్లు.

"ఎంత కరెంటు పెట్టినా నేను దొంగనే అవుతున్నానండీ," అని వాపోయారు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది, జాలీ వేసింది.

ఆపరేషన్ సంగతి వాళ్లకు చెప్పారా అని అడిగాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

"సంబంధం మాట్లాడే చోట జబ్బు మాట ఎవరైనా ఎత్తుతారా అండీ?" అన్నారు సత్యవతి గారు.

ఒకసారి ఎత్తి చూడమన్నాను. కరెంటు మళ్లీ పెంచారు. ఈసారి ఆయన కూర్చుంటూనే చొక్కా బొత్తాం విప్పి, బ్యాటరీ ఉబ్బు చూపించి, "తలలో తీగలున్నాయండీ, మాట కాస్త ఆలీసంగా వస్తుందండీ," అన్నారట. తన లోపం తనే చెప్పుకున్న సంబంధాల మనిషిని వాళ్లు అంతవరకూ చూడలేదు. ఆ తరవాత ఆగి ఆగి చెప్పినదంతా నమ్మేరు. ముహూర్తం పెట్టుకున్నారు.

అప్పటినుంచి రిపోర్టులో "స్వల్పం" అని రాసే ముందు, ఆ రోగి మాటతో ఏం పని చేస్తాడో అడిగేవాణ్ణి. భాస్కరం గారు తరవాతి పరీక్షలోనూ జంతువుల పేర్లు ఎక్కువ చెప్పలేదు. సంబంధాలు మాత్రం మునుపటికన్నా ఎక్కువ కుదురుతున్నాయన్నారు.