సెలైన్‌లో పెట్టిన ముక్క

2022 వానాకాలం. బాన్సువాడలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. పిట్లంలో గాజుల దుకాణం నడిపే రజియా రొమ్ములో గడ్డతో వచ్చింది. వయసు యాభై ఆరు. సర్జన్ సూదితో చిన్న ముక్క తీస్తే హైదరాబాదు ల్యాబుకు పంపాం.

క్యాన్సరేనని తేలింది. ఈఆర్, పీఆర్ నెగెటివ్ అని కూడా రాశారు. ఇవి హార్మోన్ రిసెప్టర్లు, అంటే ఆడవాళ్ల హార్మోన్లు కణానికి అతుక్కునే చోట్లు. అవి ఉంటే హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు పనిచేస్తాయి. లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆమెకు కీమో తప్పదన్నారు సర్జన్.

రజియా కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "గీ రిపోర్టు నాదేనా సిస్టర్? ఎవలదన్న నాకిచ్చిండ్రా?"

"నీదే అక్కా. పేరు, నంబరు చూసిన."

"పేరు నాదే ఉంటది. లోపటి ముచ్చట నాదేనా అని అడుగుతున్న."

నాకు కోపం వచ్చింది. ఆమె నోరు మూయించడానికే రిపోర్టు మొదటి నుంచి చదివాను. చివర్లో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: పక్కనున్న మామూలు కణాలకూ రంగు పట్టలేదు. ఈ పరీక్షలో రిసెప్టర్లున్న కణాలకు రంగు పడుతుంది. మామూలు రొమ్ము కణాల్లో కొన్నింటికైనా పట్టాలి. ఒక్కదానికీ పట్టలేదంటే ముక్కే చెడి ఉండవచ్చు.

ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్, ఆమె ముక్క తీసిన శనివారం అయిపోయింది. ఉత్త ఉప్పునీరైన సెలైన్‌లో పెట్టి, సోమవారం ఫార్మలిన్ వచ్చాక అందులోకి మార్చాను. ఎవరికీ చెప్పలేదు.

సర్జన్ రెఫరల్ చీటీ రాస్తుండగా వెళ్లి ఒప్పుకున్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఆమెకు నువ్వే చెప్పు," అన్నారు.

"మళ్ల సూదా?" రజియా నా మొహంలోకి చూసింది. "తప్పు ల్యాబోళ్లదా, నీదా?"

"నాదే అక్కా."

"నేనడగకుంటే చెప్తుంటివా?"



రెండో ముక్క నేరుగా ఫార్మలిన్‌లో పడింది. నేను మూత బిగించేదాకా ఆమె చూపు తిప్పలేదు. ఈసారి ఈఆర్ గట్టి పాజిటివ్. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు కాబట్టి కీమో అక్కర్లేదన్నారు. రోజుకో మాత్ర వేసుకుంటూ దుకాణం నడుపుకుంటోంది.

ఫార్మలిన్ లేని రోజు మేమిప్పుడు బయాప్సీ చేయం. అంతకన్నా కష్టమైన పాఠం నాకు మిగిలింది. ఒకప్పుడు రోగి అనుమానిస్తే అవమానంగా ఉండేది. ఇప్పుడు ముందు నా పనిలోనే తప్పు వెతుక్కుంటాను.

రజియా చెకప్‌కు వచ్చినప్పుడు నాతో బాగానే మాట్లాడుతుంది. రక్తం మాత్రం వేరే నర్సుకే ఇస్తుంది. ఎందుకని నేను అడగను.